త్రిశిరస్క కండరమునకు ప్రత్యేక వ్యాయామ మావశ్యకమా?

బలసాధన చేయు యువకులలో చిరకాలముగ నలుగుచున్న వివాద మొకటి కలదు. దండీలు తీయుచు, బెంచ్ ప్రెస్ చేయుచు, బరువును తలపైకి నెత్తుచు నుండు వ్యక్తి, జబ్బ వెనుకనున్న కండరమునకై మరల వేరుగ శ్రమపడవలయునా? వలయునని కొందరు శిక్షకులు పట్టుపట్టుదురు. అది వట్టి కాలహరణమని మరికొందరు తోసివేయుదురు. ఉభయపక్షములవారును గట్టిగ వాదింతురే గాని, ‘ఎవరికి, ఏ ప్రయోజనమునకు?’ అను ప్రశ్నను ముందుగ వేసికొనువారు అరుదు. ఆ ప్రశ్న వేసికొన్నచో వివాదము చాలవరకు విడిపోవునని నా యభిప్రాయము.

మన సంచికలో ఈ విషయమునకు చోటేల యని కొందరికి తోచవచ్చును. మనవారు తరతరములుగ స్థిరపడిన ప్రాంతము లన్నిటను దేహసాధనకు దేశీయమైన నెలవులు కలవు. మైసూరు ప్రాంతమున గరడిమనెలు, మహారాష్ట్రమున తాలీములు, పూరీక్షేత్రమున జగాఘరములు ప్రసిద్ధములు. తమిళనాట కర్లాకట్టై త్రిప్పుట నేటికిని నిలిచియున్న విద్య. మన సాముగరిడీలకును వీనికిని గల చుట్టరికము స్పష్టమే. ఈ పాత సాధనములు ప్రస్తుత ప్రశ్నపై కొంత వెలుగు ప్రసరింపజేయును గనుక వాని ప్రస్తావన ముందు మరల వచ్చును.

మొదట కండరము యొక్క నిర్మాణము తెలియవలెను. భుజమునకును మోచేతికిని నడుమ వెనుకవైపున నుండు కండరమే ట్రైసెప్స్. మూడు తలలు కలది గనుక త్రిశిరస్క మని పేరు. అందు రెండు తలలు, అనగా పార్శ్వశిరస్సు, మధ్యశిరస్సు, భుజాస్థి నుండి బయలుదేరును. మూడవదైన దీర్ఘశిరస్సు మాత్రము రెక్క యెముకకు అంటుకొని, భుజపు కీలును దాటి క్రిందికి దిగును. ఈ మూడును ఒక్క స్నాయువుగ కూడి, మోచేతి కొననున్న అరత్ని యెముకను పట్టుకొనియుండును. ముడిచిన మోచేతిని చాచుట మూడింటికిని ఉమ్మడి పని. చేతిని వెనుకకును, దేహమువైపునకును లాగుటలో తోడ్పడుట దీర్ఘశిరస్సు ఒక్కదానికే చెల్లిన అదనపు పని.

ఇచ్చట ఒక్కమాట. చేయి మడిచి కండ చూపుమన్నచో ప్రతివాడును ముందరి కండనే ఉబ్బించి చూపును. కాని జబ్బలో అధికభాగమును ఆక్రమించునది వెనుకటి కండరమే. మోచేతిని ముడుచు ముందరి కండరములలో పెద్దవి రెంటిని కలిపినను దాని పరిమాణమునకు చాలవు. దండకడియము బిగువుగ నిలిచినదన్నచో ఆ ఘనత హెచ్చుపాలు వెనుకటి కండరమునకే దక్కవలెను.

ఇక వ్యాయామములు. ఒకే పర్యాయము రెండుమూడు కీళ్ళను కదలించునవి బహుసంధి వ్యాయామములు. ఒక్క కీలునే కదలించునవి ఏకసంధి వ్యాయామములు. దండీలు, బెంచ్ ప్రెస్, సమాంతర దండములపై దేహమును దించి లేపుట మొదటి తరగతికి చెందును. డంబెల్‌ను తలవెనుకకు దించి మోచేతిని చాచుట, కప్పీకి వ్రేలాడు త్రాటిని క్రిందికి నొక్కుట రెండవ తరగతికి చెందును. మొదటి తరగతి వ్యాయామములలో త్రిశిరస్కమునకు పని తక్కువ యనుకొనరాదు. సామాన్యమైన దండీలో దేహభారమున సుమారు మూడింట రెండుపాళ్ళు చేతులపై పడును. 60 కిలోల మనిషి యొక్కొక్క దండీకిని 40 కిలోలు నెట్టుచున్నాడన్నమాట. ఆ నెట్టుటలో మోచేతిని చాచునది త్రిశిరస్కమే. కావున ‘పెద్ద వ్యాయామములే చాలును’ అను పక్షమునకు బలమైన ఆధారమున్నది.

అయితే ఈ వాదమున ఒక లొసుగు కలదు. అది దీర్ఘశిరస్సునకు సంబంధించినది. బెంచ్ ప్రెస్‌లో బరువును పైకి నెట్టునపుడు మోచేయి చాచుకొనును. అందువలన దీర్ఘశిరస్సు క్రిందికొన వైపున కురుచగును. అదే సమయమున భుజము ముందునకు కదలును. అందువలన ఆ కండరమే పైకొన వైపున సాగును. ఒకవైపు చుట్టుచు మరియొకవైపు విప్పుచున్న త్రాటివలె, దాని మొత్తపు నిడివి పెద్దగ మారదు. భుజము ముందుకు పోవలసిన చోట, దానిని వెనుకకు లాగు స్వభావముగల ఈ తల గట్టిగ బిగిసినచో పనికి అడ్డమే యగును. అందుచేత ఆ శ్రమలో అధికభాగము తక్కిన రెండు తలలపై పడునని ఊహింపవచ్చును.

ఈ యూహకు ప్రయోగములు అనుకూలముగనే యున్నవి. 2020లో ప్రకటితమైన యొక పరిశోధనలో 43 మంది యువకులు 10 వారములు సాధన చేసిరి. ఒక బృందము బెంచ్ ప్రెస్ మాత్రమే, మరియొకటి పరుండి బరువును నుదుటివైపు దించి మోచేయి చాచు వ్యాయామము మాత్రమే చేసెను. మిగిలిన రెండు బృందములు రెండింటిని క్రమము మార్చి చేసినవి. బెంచ్ ప్రెస్ మాత్రమే చేసినవారికి పార్శ్వశిరస్సు చక్కగ పెరిగినది గాని దీర్ఘశిరస్సు చెప్పదగినంతగ పెరుగలేదు. మోచేతి ప్రత్యేక వ్యాయామము చేసిన బృందములలో దీర్ఘశిరస్సు పెరిగినది. ఱొమ్ముకండరము విషయమున ఫలితము తలక్రిందులు. దానికి బెంచ్ ప్రెస్ వలననే మేలు కలిగెను.

జపాను దేశపు పరిశోధకులు 2022లో వెలువరించిన ప్రయోగము నా దృష్టిలో మరింత విలువైనది. 21 మంది ఒక చేతితో, చేయి తలపైకి నెత్తి మోచేతిని చాచు వ్యాయామమును, రెండవ చేతితో, చేయి ప్రక్కనే యుంచి అదే వ్యాయామమును వారమునకు 2 మార్లు చొప్పున 12 వారములు చేసిరి. ఒకే మనిషి యొక్క రెండు చేతులను పోల్చుటచే ఆహారము, నిద్ర, వంశగుణము మొదలగు భేదములు తొలగిపోయినవి. తలపైకి నెత్తిన చేతిలో త్రిశిరస్కము మొత్తము మీద సుమారు 20 శాతము పెరుగగా, రెండవ చేతిలో సుమారు 14 శాతము పెరిగెను. దీర్ఘశిరస్సు వరకు చూచినచో 28.5 శాతము, 19.6 శాతము. తలపై చేసినప్పుడు ఎత్తిన బరువు తక్కువ, పెరుగుదల ఎక్కువ. బరువెంతయో యనునదే గాక, కండరము సాగియుండగా ఆ బరువును మోసినదా లేదా యనునదియు లెక్కలోనికి వచ్చునని దీనివలన తేలుచున్నది.

ఎదుటిపక్షమువారు కూడ ప్రయోగములను చూపుదురు. 2013లో బ్రెజిలు దేశస్థులు, మునుపు సాధన యెరుగని యువకులపై 10 వారములు పరీక్ష జరిపి, బహుసంధి వ్యాయామములకు ఏకసంధి వ్యాయామములను చేర్చినందువలన అదనపు లాభము కనబడలేదని తెల్పిరి. ఇది సత్యమే. కాని వారు కొలిచినది మోచేతిని ముడుచు ముందరి కండరములను. వెనుకటి కండరమును గాదు. పైగా క్రొత్తగ మొదలిడినవానికి ఏ వ్యాయామమైనను ఫలించును. ఎండిన నేలపై మొదటి చినుకు పడినట్లు, వాని దేహము ఏ కొంచెము శ్రమనైనను పీల్చుకొనును. అయిదేండ్లు సాధన చేసినవానికి ఆ ఫలితమును యథాతథముగ అన్వయింపరాదు.

పాత సాధనముల ప్రస్తావన యిచ్చట అవసరము. గదను గాని కర్లాకట్టైను గాని భుజముమీదుగ వీపు వెనుకకు త్రిప్పునపుడు చేయి తలప్రక్కకు లేచి, మోచేయి పూర్తిగ ముడుచుకొని, బరువు వెనుకకు వ్రేలాడును. ఆ క్షణమున దీర్ఘశిరస్సు రెండు కొనలవైపునను సాగియుండును. అచ్చటినుండి మోచేతిని చాచుచు బరువును ముందుకు తెచ్చుటలో, జపాను ప్రయోగమున తలపై చేసిన చేతి భంగిమకు దగ్గరి భంగిమ కానవచ్చుచున్నది. దండీలతో పాటు గదను కూడ త్రిప్పిన మల్లులకు, పేరు తెలియకున్నను, ఈ మూడవ తలకు కావలసిన పని కొంత లభించుచుండెను. అంతమాత్రమున పూర్వులకు సమస్తమును తెలియునని చాటుట నా యుద్దేశము గాదు. గద త్రిప్పుటలో బరువు ఊపుచే కదలును. కండరముపై పడు భారము నిలుకడగ నుండదు. కండను పెంచుటకు డంబెల్ దానికన్న సులువైన సాధనమే.

పోటీలలో బరువులెత్తువారి సంగతి వేరు. 1972 మ్యూనిక్ ఒలింపిక్సు వరకు పోటీలలో మూడు విధములైన ఎత్తుడులుండెడివి. అందు ‘ప్రెస్’ అనునది భుజములనుండి బరువును కేవలము చేతుల బలముతో తలపైకి నెట్టుట. 1948 లండను ఒలింపిక్సులో పాల్గొని, పిమ్మట 1963లో ‘నర్తనశాల’ చిత్రమున భీముడుగ కనిపించిన దండమూడి రాజగోపాలరావుగారు ఆ కాలపు వీరులు. ప్రెస్‌లో నడుమును వెనుకకు వంచుట హద్దుమీరి, తీర్పరులకు నిర్ణయము కష్టమగుటచే 1972 అనంతరము దానిని తొలగించిరి. మిగిలిన రెండింటిలో బరువును పైకి తోయు వేగము కాళ్ళనుండియు నడుమునుండియు పుట్టును. చేతులు చాచిన చేతులుగ నిలిచి దానిని భరింపవలెను. మోచేయి వంగి, మరల నెట్టి చాచినచో ఆ యెత్తుడు చెల్లదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీయందు 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము సాధించిరి. అట్టి క్రీడలో మోచేతిని చాచి నిలుపు బలము ముఖ్యమే గాని, కండరపు పరిమాణమును వేరుగ పెంచుట ప్రధానము గాదు. ఎత్తుటవలననే ఎత్తుట అలవడును.

కావున బలమే లక్ష్యముగ గలవారికిని, మొదటి సంవత్సరపు సాధకులకును, వారమునకు రెండుమూడు గంటలకు మించి తీరిక లేని ఉద్యోగులకును ప్రత్యేక వ్యాయామ మావశ్యకము గాదు. బెంచ్ ప్రెస్ బలము బెంచ్ ప్రెస్ చేయుటవలననే హెచ్చును. వ్యాయామశాలకు వచ్చిన మొదటి నెలలోనే అద్దము ముందు నిలిచి త్రాడు నొక్కుటలో అరగంట వ్యయపరచి, బస్కీలకు వేళ లేదని వెళ్ళిపోవు యువకులను చూచినచో జాలి కలుగును. జబ్బ యంతయు సమముగ పెరుగవలెనని కోరు దేహదారుఢ్య సాధకులకు మాత్రము అది కావలసినదే. భుజమునకు దెబ్బ తగిలి బరువు నెట్టలేనివారికిని, మోచేతి యెముక విరిగి అతికిన పిదప ఆ కీలును మరల సాధించువారికిని వైద్యుని సలహాపై అది యొక్కటే మార్గము కావచ్చును.

వీరందరికన్న ముఖ్యులు మరియొకరు కలరు. మెడయొద్ద వెన్నుపాము దెబ్బతిని చక్రముల కుర్చీకి పరిమితమైనవారి విషయమున త్రిశిరస్కము అందమునకు సంబంధించినది గాదు. ఈ కండరమునకు ఆజ్ఞలు ముఖ్యముగ మెడలోని ఏడవ నాడీమూలము నుండి వచ్చును. ఆ మూలము చెడక నిలిచినచో రోగి అరచేతులను ఊది, మోచేతులను చాచి, తన దేహమును కుర్చీనుండి మంచముమీదికి తానే మార్చుకొనగలడు. చెడినచో ఆ పనికి పరుల సాయము కావలసివచ్చుట తరచు. ఇట్టివారి సాధనలో మిగిలియున్న త్రిశిరస్కబలమును ప్రత్యేకముగ పెంచుటకు పెద్దపీట వేయుదురు. ప్రత్యేక వ్యాయామము దండుగ యని కొట్టివేయువారు ఈ సందర్భమును తలపరు.

చేయదలచినవారికి కొన్ని మాటలు. వారమునకు 2 దినములు, దినమునకు 2 లేక 3 ఆవృత్తులు, ఆవృత్తికి 10 నుండి 15 మార్లు చాలును. పెద్ద వ్యాయామములు ముగిసిన పిదపనే దీనిని చేయవలెను. ముందు చేసినచో అలసిన కండరము బెంచ్ ప్రెస్‌లో సహకరింపదు. చేయి తలపైకి నెత్తి చేయు విధమును ఎన్నుకొనుట మేలు. భుజము పట్టుకొని చేయి పైకి లేవనివారు త్రాటిని క్రిందికి నొక్కు విధముతో తృప్తిపడవచ్చును. బరువును దించుట నెమ్మదిగ సాగవలెను. పైకి చాచునపుడు మోచేతిని టక్కున విసరి బిగింపరాదు. మోచేతి కొనయందు నొప్పి మొదలైనచో బరువును తగ్గింపవలెను. తగ్గించినను మానకున్నచో వైద్యునికి చూపవలెను.

వ్యాయామశాల మెట్లెక్కని యింటి పెద్దలకు డంబెల్ కూడ అక్కరలేదు. చేతులుగల గట్టి కుర్చీలో కూర్చుండి, కుర్చీచేతులను పట్టి, పాదములు నేలపై నుంచియే దేహమును కొంచెము పైకి లేపి నెమ్మదిగ దించుట వారికి తగినది. మొదట 5 మార్లు, అలవడిన పిదప 10 మార్లు. కుర్చీ జారకుండ దాని వీపును గోడకు ఆనించి యుంచవలెను.