పికప్ లేదా.. పర్సు తీసే ముందు ప్లగ్గు తీయండి

గుటకలు మింగే పాత కారుకు వరుస పరీక్షలే మందు

బళేపేట (బెంగళూరు): గాజులు, పట్టుచీరలు, వీణలు, తబలాలు.. పెళ్లి సరుకు కోసం సరిహద్దు జిల్లాల తెలుగువారు వెతుక్కుంటూ వచ్చే పేట ఇది. వీధులు ఇరుకు. ముందు ఆటో, వెనక తోపుడుబండి. ఫస్టు గేరులో అంగుళం అంగుళం కదలాలి. పాత కారు గుట్టు బయటపడేది ఇక్కడే. యాక్సిలరేటర్ తొక్కితే బండి క్షణం ఆగి, గుటక మింగి, అప్పుడు కదులుతుంది. హైవేపై ఎత్తు వస్తే చాలు.. లాగనని మొరాయిస్తుంది.

పికప్ పోయిందనుకున్న యజమాని నేరుగా విడిభాగాల దుకాణాలున్న జేసీ రోడ్డుకు పోతాడు. కార్బొరేటర్ మారుస్తాడు. కాయిల్ మారుస్తాడు. వేలు ఖర్చవుతాయి, జబ్బు అలాగే ఉంటుంది. తీరా చూస్తే చిట్లిన చిన్న రబ్బరు గొట్టమే కారణమై ఉండొచ్చు.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800, అంతకన్నా పాతదైన అంబాసిడర్.. రెండింటి తయారీ 2014లో ఆగిపోయింది. బండ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. కార్బొరేటర్ ఉన్న ఇలాంటి కార్లలో చాలా లోపాలను పెద్ద ఖర్చు లేకుండానే పట్టుకోవచ్చు.

ఇంజనుదేనా తప్పు?

ముందు ఇది తేల్చుకోవాలి. ఇంజను రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. కొద్దిదూరం నడిపాక ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడెక్కితే బ్రేకు పట్టేస్తున్నట్టు. ఇంకోటి.. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి సాంద్రత 8 నుంచి 10 శాతం తక్కువ. కోస్తాలో ట్యూన్ చేయించిన కార్బొరేటర్ బండి ఇక్కడికొస్తే కాస్త బలం తగ్గడం సహజమే. దానికి భయపడక్కర్లేదు.

ఎప్పుడు మొరాయిస్తోంది?

* తొక్కిన వెంటనే తడబడి తర్వాత అందుకుంటే కార్బొరేటర్‌లోని యాక్సిలరేటర్ పంపును అనుమానించాలి. ఇంజను ఆపి, చల్లారాక ఎయిర్ ఫిల్టరు తీసి చూడాలి. కేబుల్ లాగగానే లోపల పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. లేదంటే పంపు డయాఫ్రం చిరిగినట్టో, జెట్టు పూడినట్టో. దగ్గర్లో బీడీ, సిగరెట్, దీపం ఉండకూడదు.

* మెల్లగా పోతే బాగుండి, ఎత్తులోనూ వేగంలోనూ నీరసిస్తే పెట్రోలు చాలడం లేదు. ముందు ఫిల్టరు, తర్వాత పెట్రోలు పంపు చూడాలి.

* కొంతదూరం పోయాక ఆగిపోతే ట్యాంకు మూత తెరవాలి. 'స్స్'మని గాలి లోపలికి పీల్చుకుని బండి మళ్లీ అందుకుంటే గాలిరంధ్రం పూడుకుపోయినట్టే.

* చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మిస్ కొడితే కాయిల్‌ను అనుమానించాలి.

* నిలిపి ఉంచినా ఇంజను నిలకడగా తిరగక 'స్స్' చప్పుడు వస్తుంటే వాక్యూమ్ గొట్టం చిట్లిందేమో చూడాలి.

ప్లగ్గు చెప్పే నిజం

ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ.. ఎయిర్ ఫిల్టరు, సరిగా తెరుచుకోని చోక్ చూడాలి. సున్నంలా తెల్లబడితే పెట్రోలు తక్కువ. నూనె తడి ఉంటే ఇంజనులో అరుగుదల. మారుతీ 800కు ఉన్నవి మూడే సిలిండర్లు. ఒక్క ప్లగ్గు పనిచేయకున్నా మూడో వంతు బలం పోయినట్టే. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే, లీకయ్యే ప్లగ్గు వైర్ల నుంచి నీలి మెరుపులు కనిపిస్తాయి. చేయి మాత్రం పెట్టొద్దు, షాక్ కొడుతుంది.

ఇవన్నీ బాగుంటేనే కంప్రెషన్ పరీక్ష. తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రీడింగు పెరిగితే రింగులు, పెరగకుంటే వాల్వులు పోయినట్టు లెక్క. ఇంజను విప్పాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే.

పెట్రోలూ మారింది

20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు అమ్మకాలను ప్రధాని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే ప్రారంభించారు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాత రకం రబ్బరు గొట్టాలను, గ్యాస్కెట్లను దెబ్బతీస్తుంది. పాత కార్లున్నవారు వీటిని అప్పుడప్పుడు తడిమి చూసుకోవాలి. మెత్తబడినా, పగిలినా వెంటనే మార్చాలి. పెట్రోలు కారితే పోయేది పికప్ ఒక్కటే కాదు, మంటల ప్రమాదమూ ఉంది.

ఊళ్లో గుటక మింగే బండి విసుగు తెప్పిస్తుందంతే. ఘాట్‌రోడ్డులో లారీని దాటబోతూ గుటక మింగితే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే పెళ్లి సరుకు కారులో ఎక్కించే ముందే పరీక్ష చేయించుకోవాలి. ఒకేసారి నాలుగు భాగాలు మార్చొద్దు. ఒకటి మార్చి, నడిపి చూశాకే రెండోది. అప్పుడే జబ్బేదో తెలుస్తుంది, జేబూ మిగులుతుంది.