గుర్రం మీదే... మరి చోటెవరిది?

ఇన్‌స్టాలో రీల్ చూశారు. మార్వాడీ గుర్రం. కొనలు ఒకదాన్నొకటి తాకేలా లోపలికి వంగిన చెవులు, వెనకాల అదిరిపోయే బీజీఎం. ఆ రోజు నుంచి నిద్రలేదు. చివరికి బైక్ అమ్మేసి, పైన కొంత అప్పు చేసి కొనేశారు. డీసీఎం వచ్చి వీధి చివర ఆగింది. అప్పుడు అమ్మ బయటికొచ్చి ఒకే ఒక్క మాట అడుగుతుంది. "ఇంతకీ దీన్నెక్కడ కడతావురా?"

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కట్టలేం. ఊళ్లో తాతయ్య పెరడు ఉంది కానీ అది మూడొందల కిలోమీటర్ల దూరం. దాంతో మొయినాబాద్, శంషాబాద్, శామీర్‌పేట వైపు వేట మొదలవుతుంది. ఎవరిదో ఫామ్‌హౌస్, ఎవరిదో మామిడితోట, మూతపడిన కోళ్లఫారం షెడ్డు. "గుర్రమేగా అన్నా, ఓ మూలన కట్టేసుకో, నెలకింత ఇవ్వు" అంటాడు యజమాని. చేతులు కలుస్తాయి. కాగితం ఉండదు.

నిజానికి ఇక్కడ రెండు రకాల బేరాలున్నాయి. ఒకటి, ఉత్త నేలో షెడ్డో అద్దెకు తీసుకుని, మేత, మనిషి అన్నీ మనమే చూసుకోవడం. రెండోది, గుర్రాన్నే అప్పగించేసి నెలనెలా డబ్బు కట్టడం. బ్రిటన్‌లో ఈ వ్యాపారాన్ని లివరీ అంటారు, అమెరికాలో బోర్డింగ్, ఆస్ట్రేలియాలో ఎజిస్ట్‌మెంట్. మన దగ్గర దీనికి సరైన పేరే లేదు. పేరు లేకపోతే పోయేదేం లేదు గానీ, ఏది అద్దె, ఏది అప్పగింత అన్న తేడా కూడా లేకుండా పోయింది. గొడవలన్నీ అక్కడే పుడతాయి. ముందు ఖర్చు సంగతి చూద్దాం.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అని ఊరికే అనలేదు పెద్దలు. మార్వాడీ గుర్రం 350 నుంచి 400 కిలోలు తూగుతుందనుకోండి. దానికి రోజుకు ఒంటి బరువులో సుమారు 2 శాతం ఎండు మేత కావాలి. అంటే ఏడెనిమిది కిలోలు. నెలకు సుమారు 225 కిలోలు. తవుడు, ఉలవలు, ఓట్స్ లాంటి దాణా దీనికి అదనం. నీళ్లు రోజుకు 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది, మే నెలలో ఇంకా ఎక్కువ. ఇక పేడ రోజుకు 15 నుంచి 20 కిలోలు, నెల తిరిగేసరికి అర టన్ను. దాన్ని ఎవరు ఎత్తుతారు, ఎక్కడ వేస్తారు అన్నది బేరం రోజున ఎవరికీ గుర్తురాదు. రెండో నెలలో పక్క ఫామ్‌హౌస్ వాళ్లు ఈగల గురించి ఫోన్ చేసినప్పుడు గుర్తొస్తుంది.

"రెండెకరాలుంది, పచ్చిక మేస్తుంది, మేత ఖర్చు మిగులుతుంది" అని చెబితే నమ్మకండి. గుర్రానికి ఎకరమో రెండెకరాలో అన్న లెక్క ఏడాదంతా వానపడే దేశాలది. మన దగ్గర పచ్చిక వానాకాలంలో నాలుగు నెలలు కనబడి, సంక్రాంతికల్లా ఎండిపోతుంది. మిగతా కాలమంతా ఆ రెండెకరాలు గుర్రం తిరగడానికే, తినడానికి కాదు. అలాగని తిరగడాన్ని తక్కువ చేయొద్దు. 12 అడుగుల గదిలో రోజంతా కట్టేసిన గుర్రం పిచ్చిగా తల ఊపుతుంది, చెక్క కొరుకుతుంది. అది మందలో బతికే జంతువు. తోడుకు ఇంకో గుర్రం లేకపోతే కనీసం ఓ మేకనైనా పెడతారు తెలిసినవాళ్లు.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు షెడ్డుకన్నా ముందు కంచె చూడండి. ముళ్లతీగ ఉంటే అక్కడే వద్దనుకోవచ్చు. గుర్రం బెదిరితే ఆగి ఆలోచించదు, తీగలోకి దూసుకెళ్తుంది. కాళ్లు చీరుకుపోతాయి. పైగా ధనుర్వాతం గుర్రాలకు చాలా సులువుగా వస్తుంది, టీకా తప్పనిసరి. తర్వాత కంచె పొడవునా ఏం మొక్కలున్నాయో చూడండి. మన ఫామ్‌హౌస్‌ల వాళ్లకు గన్నేరు అంటే మహా ఇష్టం. నీళ్లు పెద్దగా అడగదు, పశువులు ముట్టవు, ఏడాదంతా పూలు. అదే గన్నేరు ఆకులు కాసిని చాలు గుర్రం గుండె ఆగిపోవడానికి. పచ్చిగా ఉంటే చేదుకు వదిలేస్తుంది. కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండి గడ్డిలో కలిశాయా, తినేస్తుంది. పక్క చేలో ఆముదం ఉన్నా జాగ్రత్త, ఆ గింజలు విషం. పచ్చి జొన్న గేదెలకు వేసినట్టు గుర్రానికి వేయకూడదు. మూత్రాశయం దెబ్బతిని, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి.

కోళ్లఫారం షెడ్డు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ చుట్టుపక్కల చవగ్గా దొరికేది అదే. ఎత్తు తక్కువ, పైన సిమెంటు రేకులు, ఎండాకాలం కొలిమి. వీటిని మార్పించుకోవచ్చు. అసలు ప్రమాదం మూలన మిగిలిపోయిన దాణా బస్తాల్లో ఉంటుంది. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి, ఎద్దుకు ఏమీ కాదు. గుర్రానికి మాత్రం కొద్దిపాటి మోతాదే ప్రాణాంతకం. గుండె కండరం దెబ్బతింటుంది, విరుగుడు లేదు. "ఇయ్యాల మన దాణా అయిపోయింది, కోళ్ల దాణా ఓ డబ్బా వేశా" అని పనివాడు మంచి మనసుతోనే చేస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు, ముందే చెప్పకపోవడం మన తప్పు.

ఇక్కడే అసలు విషయానికొస్తాం. మీరు నెలనెలా కట్టేది నేలకని మీరనుకుంటారు. నిజంగా కొనుక్కుంటున్నది ఒక మనిషి కంటిచూపును. ఆ మనిషే సాయీసు. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది, పట్టేది 8 నుంచి 15 లీటర్లే. అందుకే కొంచెం కొంచెంగా రోజంతా తినాలి. పైగా అది వాంతి చేసుకోలేదు. లోపల ఏదైనా అడ్డం పడితే కడుపునొప్పి, దాన్నే కోలిక్ అంటారు. గుర్రాల ప్రాణం తీసేవాటిలో ముందుండేది ఇదే. మేత ముట్టదు, తల తిప్పి పొట్ట వైపు చూసుకుంటుంది, నేలని గిట్టతో గీరుతుంది, పడుకుని పొర్లుతుంది. ఇది రాత్రి రెండింటికి మొదలైతే చూసేదెవరు? పొద్దున్నే ఏడింటికొచ్చి సాయంత్రం వెళ్లిపోయే వాచ్‌మన్ కాదు కదా.

కాబట్టి అద్దె ఎంత అని అడిగే ముందు అడగాల్సింది, రాత్రి ఇక్కడ పడుకునేదెవరు, అతను ఎన్ని గుర్రాలు చూస్తాడు అని. అతనికి జీతం నెలనెలా అందుతోందో లేదో మెల్లిగా కనుక్కోండి. జీతం ఆగిన సాయీసు చూసుకునే గుర్రం పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. లాడాలు కొట్టే నాల్‌బంద్ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వస్తున్నాడా, గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్ నంబర్ గోడ మీద రాసుందా అనేది కూడా చూడాలి. చాలాచోట్ల పశువైద్యులున్నారు, కానీ రోజూ గేదెల్నే చూసే డాక్టర్‌కు కోలిక్ కేసు అరుదు. మీ ఫోన్ కలవకపోతే మీ తరఫున డాక్టర్‌ని పిలవొచ్చు, ఇంతవరకు ఖర్చు పెట్టొచ్చు అని ముందే ఒప్పుకుని ఉంచండి. మీ 'ఓకే' కోసం ఎదురుచూస్తూ గంట పోగొట్టుకున్న గుర్రాలు తక్కువేం కాదు.

చట్టం నిండా గుర్రాలే

ఇప్పుడు కాగితం సంగతి. ముందు, చోటు ఇస్తానంటున్న వ్యక్తి దాని యజమానేనా? తెలంగాణలో అయితే సర్వే నంబర్ తీసుకుని, 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో చూడొచ్చు. ఏపీలో మీభూమి ఉంది. చాలాసార్లు అతనే కౌలుదారు, మీకు ఇచ్చేది కౌలు మీద కౌలు. అసలు యజమాని ఓ రోజు వచ్చి "ఎవరీ గుర్రం?" అంటాడు. షెడ్డు చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందా అన్నదీ చూడండి. 2024లో హైడ్రా వచ్చాక ఈ మాట అందరికీ తెలిసిందే. షెడ్డు కూలితే సామాన్లు ఆటోలో వేసుకోవచ్చు, గుర్రాన్ని ఎక్కడ వేసుకుంటారు?

ఉత్త నేల అద్దెకైతే అందరూ 11 నెలల అగ్రిమెంట్ రాసుకుంటారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాల్సి వస్తుందని. ఆడగుర్రం చూలు కూడా దాదాపు 11 నెలలే. ఇదేదో కాకతాళీయం అనుకుని వదిలేయకండి, ఎందుకో చెబుతాను.

గుర్రాన్నే అప్పగించినప్పుడు అది అద్దె కాదు, కాంట్రాక్టు చట్టం దాన్ని బెయిల్‌మెంట్ అంటుంది. అంటే వస్తువును ఓ పని కోసం అప్పగించడం, పని అయ్యాక తిరిగి తీసుకోవడం. 1872 నాటి చట్టం అది. గుర్రాలే బండ్లూ కార్లూ అయిన కాలం కాబట్టి, ఉదాహరణల్లో గుర్రాలే కనబడతాయి. 154వ సెక్షన్ చూడండి. ఏ అనే అతను తన గుర్రాన్ని బీకి ఇచ్చాడు, నువ్వొక్కడివే ఎక్కాలి అన్నాడు. బీ తన ఇంట్లో మనిషిని ఎక్కించాడు. అతను జాగ్రత్తగానే నడిపాడు, అయినా గుర్రం పడి దెబ్బతగిలింది. నష్టపరిహారం బీ కట్టాల్సిందే. ఇంకో ఉదాహరణ ఇంకా బాగుంటుంది. కలకత్తా నుంచి కాశీకి వెళ్తానని అద్దెకు తీసుకున్న గుర్రాన్ని కటక్ తీసుకెళ్లాడు. దారిలో పడింది. మళ్లీ అదే తీర్పు.

మీ విషయంలో కాశీ, కటక్ ఉండవు. బరాత్ ఉంటుంది. మీరు ఆఫీసులో లాగిన్ అయి ఉన్న సాయంత్రం, మీ గుర్రం ఏదో ఫంక్షన్ హాల్ ముందు పూలదండ వేసుకుని, చెవుల పక్కన టపాసులు పేలుతుంటే నిలబడి ఉండొచ్చు. ఆ డబ్బు మీకు రాదు, ఆ బెదురు మాత్రం గుర్రంతో ఉండిపోతుంది. శని, ఆదివారాల్లో కొత్తవాళ్లకు స్వారీ నేర్పడానికీ మీ గుర్రాన్నే వాడొచ్చు. కాబట్టి ఎవరు ఎక్కొచ్చో, ఎవరు ఎక్కకూడదో, పెళ్లిళ్లకు పంపకూడదనో, ఒక్క పేజీ రాసి సంతకం తీసుకోండి. షరతు ఉంటేనే షరతు తప్పినట్టు చూపించగలం. కనీసం వాట్సాప్‌లో పంపి, "సరే" అన్న జవాబు దాచుకోండి.

మీకూ ఓ బాధ్యత ఉంది. 150వ సెక్షన్‌లో పొగరుబోతు గుర్రం ఉదాహరణ ఉంది. దాని గుణం తెలిసీ చెప్పకుండా ఇచ్చి, అవతలి మనిషి కిందపడితే ఇచ్చినవాడిదే బాధ్యత. మీది కొరుకుతుందా, వెనక్కి తన్నుతుందా, మొదటి రోజే చెప్పేయండి. దెబ్బ తినేది సాయీసు కాబట్టి, చట్టం లేకపోయినా చెప్పాల్సిన మాటే.

ఇక ఆ 11 నెలల సంగతి. అప్పగించిన ఆవు ఈనితే దూడను కూడా ఆవుతోపాటు తిరిగి ఇవ్వాలని 163వ సెక్షన్ అంటుంది, వేరే ఒప్పందం లేకపోతే. గుర్రానికీ అంతే. అగ్రిమెంట్ అయిపోయేలోపు పిల్ల పుడితే అది మీదే. దాని మేత ఖర్చూ మీదే, అది మర్చిపోకండి.

ఒకే చోట పది గుర్రాలుంటే పదిమంది యజమానుల అదృష్టమూ ముడిపడి ఉన్నట్టే. గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకూ సోకుతుంది. 2009 చట్టం ప్రకారం దాన్ని దాచకూడదు, ప్రభుత్వానికి చెప్పాలి. పాజిటివ్ అని తేలిన గుర్రానికి వైద్యం చేయరు, చంపేయాల్సిందే. అక్కడి మిగతా గుర్రాలకు పరీక్షలు, రాకపోకలపై ఆంక్షలు. అందుకే కొత్త గుర్రాన్ని రక్త పరీక్ష రిపోర్టు లేకుండా, కొన్నాళ్లు వేరుగా ఉంచకుండా లోపలికి రానిచ్చే చోటికి మీది పంపకండి. మీది కొత్తగా వెళ్తున్నప్పుడు మిమ్మల్ని రిపోర్టు అడగలేదంటే సంతోషపడొద్దు. పక్కనే గేదెల కొట్టం ఉంటే జోరీగల సంగతీ చూసుకోవాలి, సర్రా జ్వరాన్ని మోసుకొచ్చేవి అవే.

డబ్బు కట్టలేని నెల కూడా వస్తుంది. ఉద్యోగం పోతుంది, పెళ్లవుతుంది, మోజు తీరుతుంది. రెండు నెలల బాకీ పడగానే చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు. అక్కడ యజమాని మేత తగ్గిస్తాడు. మీ బాకీకి శిక్ష పడేది గుర్రానికి. జంతుహింస నివారణ చట్టం, 1960 ప్రకారం సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడం, యజమానై ఉండి తిండీ నీళ్లూ పెట్టకపోవడం నేరాలే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చదివింది నిజమే, యాభై రూపాయలు. చట్టం భయపెట్టనప్పుడు కాగితమే దిక్కు. బాకీ ఎన్ని రోజులు దాటితే ఏం చేయాలి, గుర్రాన్ని ఎవరికి అప్పగించాలి, మీకు బదులు ఫోన్ ఎత్తే రెండో మనిషి ఎవరు, ఇవి రాసుకోండి. బాకీ ఉంది కదా అని మీకు చెప్పకుండా గుర్రాన్ని అమ్ముకునే హక్కు మాత్రం చోటిచ్చినవాడికి ఉండదు.

ఖాళీ చేయడానికి నెల గడువు పెట్టుకోండి, వారం కాదు. గుర్రం కడుపు కొత్త మేతకు అలవాటు పడటానికే వారం, పది రోజులు పడుతుంది. ఉన్నట్టుండి మారిస్తే మళ్లీ ఆ కోలిక్ భయమే. వెళ్లే రోజున డీసీఎంలో గుర్రంతోపాటు పాత చోటి గడ్డి ఓ నాలుగు మోపులైనా వేసుకోండి. కొత్త చోట మొదటి వారం అందులోంచి కాస్త, ఇందులోంచి కాస్త కలిపి పెట్టమని సాయీసుకు చెప్పండి.