ఫోను తెరమీది సాక్ష్యము
స్క్రీన్‌షాటును తీయుట, దిద్దుట, భద్రపరచుట

విశాఖపట్టణము రేవునకు వచ్చు ప్రతి ఓడలోను ఒక దినచర్య పుస్తకము ఉండును. నావికులు దానిని లాగుబుక్కు అందురు. ఓడ ఏ గంటకు లంగరు వేసినది, గాలి ఎటు వీచుచున్నది, సముద్రము ఎట్లున్నది మొదలగు విషయములు వేళతో సహా అందులో వ్రాయబడును. కర్మాగారములలోను ఒక షిఫ్టువారు దిగిపోవుచు, యంత్రముల స్థితిని పుస్తకమున వ్రాసి తరువాతి షిఫ్టువారికి అప్పగింతురు. ఇట్టి పుస్తకములకు ఒక మర్యాద కలదు. తప్పు వ్రాసినచో దానిని చెరిపివేయరాదు. కనబడునట్లు ఒక గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి, సంతకము చేయవలెను. మన పంచాయతీ తీర్మానముల పుస్తకమునకును ఇదే మర్యాద గదా! చెరిపిన పుటను ఎవరును నమ్మరు.

నేడు గ్రామములలో అనేక వ్యవహారములు స్మార్టుఫోను తెరమీదనే జరుగుచున్నవి. బ్యాంకు సందేశము, అర్జీ సంఖ్య, తుపాను హెచ్చరిక, ఉద్యోగమిత్తుమను ప్రకటన అన్నియు తెరమీదికి వచ్చి తొలగిపోవుచున్నవి. అట్లు తొలగిపోవు దృశ్యమును ఉన్నది ఉన్నట్లు పటముగా పట్టి ఉంచుటయే స్క్రీన్‌షాటు. ఇది సామాన్యుని లాగుబుక్కులో ఒక పుట వంటిది. సక్రమముగా తీసినచో మేలు చేయును. అజాగ్రత్తగా కత్తిరించినచో ఉన్న సాక్ష్యమును కూడ పోగొట్టును.

విశాఖపట్టణమునకు సమీపముననున్న ఒక గ్రామమున మేము ఇట్టి దానిని చూచితిమి. ఒక వృద్ధురాలి ఖాతానుండి ఎవరో మోసగించి సొమ్ము లాగికొనిరి. ఆమె మనుమడు చురుకైనవాడే. వెంటనే స్క్రీన్‌షాటు తీసెను. కాని అందముగా ఉండవలెనని సొమ్ము అంకె మాత్రము మిగిల్చి, పైనున్న తేదీని, క్రిందనున్న లావాదేవీ సంఖ్యను కత్తిరించివేసెను. పాడు సందేశములు ఇంక ఎందుకని ఫోనునుండి వానిని తొలగించెను. "బొమ్మ ఉంది కదా బాబూ, డబ్బు రాదా?" అని ఆమె మమ్ము అడిగినది. బొమ్మలో సొమ్ము అంకె కలదు. అది ఎప్పుడు, ఎవరికి, ఏ సంఖ్యతో పోయినదో లేదు. ఆ వివరములను తిరిగి రాబట్టుటకు బ్యాంకు చుట్టును తిరుగవలసి వచ్చినది. ఇట్టి వ్యవహారములలో పోయిన ప్రతి గంటయు మోసగానికే లాభము.

తీయు విధానము

ఆండ్రాయిడ్ ఫోనులలో పవరు మీటను, శబ్దము తగ్గించు మీటను ఒకేసారి నొక్కి విడువవలెను. తెర ఒకసారి మెరసి, దృశ్యము పటముగా నిలుచును. పెక్కు ఫోనులలో మూడు వ్రేళ్లతో తెరను పైనుండి క్రిందికి నిమిరినను పటము వచ్చును. ఐఫోనులలో ప్రక్క మీటను, శబ్దము పెంచు మీటను కలిపి నొక్కవలెను. ముందువైపు గుండ్రని హోమ్ మీట ఉన్న పాత ఐఫోనులలో ఆ మీటను, పవరు మీటను కలిపి నొక్కవలెను. పటములు గ్యాలరీలో స్క్రీన్‌షాట్లు అను అరలో చేరును.

సందేశము పొడవైనదైనచో ఒక పటములో ఇమడదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 మొదలుకొని, పటము తీసిన వెంటనే తెర అడుగున మరికొంత భాగమును కలుపుకొను మీట కనబడుచున్నది. అట్టి వసతి లేని ఫోనులో వరుసగా రెండు మూడు పటములు తీయవలెను. మొదటి పటములోని చివరి వాక్యము రెండవ పటము మొదట మరల కనబడునట్లు తీసినచో, నడుమ ఏదియు విడువలేదని చూచువారికి తెలియును.

కొన్ని బ్యాంకు యాప్‌లు స్క్రీన్‌షాటును అనుమతింపవు. అది ఫోను దోషము కాదు. రహస్యములను కాపాడుటకు వారు చేసిన ఏర్పాటు. అట్టిచోట లావాదేవీ సంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను.

పటములో ఉండవలసినవి

సాక్ష్యముగా ఉపయోగించు పటములో నాలుగు విషయములు తప్పక కనబడవలెను. మొదటిది, సందేశము పంపినవారి ఫోను నంబరు లేక చిరునామా. మన ఫోనులో వ్రాసికొన్న పేరు మాత్రమే చాలదు. ఆ పేరుపై నొక్కి నంబరు కనబడునప్పుడు మరియొక పటము తీయవలెను. రెండవది, తేదీ, వేళ. మూడవది, సందేశము మొదటినుండి చివరివరకు. నాలుగవది, లావాదేవీ సంఖ్య లేక అర్జీ సంఖ్య. యూపీఐ చెల్లింపులకు సాధారణముగా 12 అంకెల సంఖ్య ఉండును. బ్యాంకువారు సొమ్ము జాడ తీయుటకు ఆ సంఖ్యయే ఆధారము.

దిద్దుట ఎంతవరకు?

పటము తీసిన వెంటనే దిద్దుటకు వసతులు కనబడును. కత్తిరించుట, గీత గీయుట, అక్షరములు చేర్చుట అందులో ముఖ్యమైనవి. దిద్దుటకు ముందు ఒక సూత్రము జ్ఞాపకముంచుకొనవలెను: అసలు పటమును అట్లే ఉంచి, దాని ప్రతిని మాత్రమే దిద్దవలెను. ముఖ్యమైన వాక్యము చుట్టును ఎర్రగీత గీయుట మంచిదే. అంకెలను మార్చుట, తేదీని చెరుపుట, రెండు పటములను ఒకటిగా అతుకుట దిద్దుబాటు కావు, అవి కూటసాక్ష్యములు.

ఇతరుల రహస్యములను కప్పుట మాత్రము మన బాధ్యత. లబ్ధిదారుల జాబితాను వాట్సాపు బృందములో పెట్టునపుడు ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఫోను నంబర్లు కనబడరాదు. ఆధారు కార్డుపైనున్న చదరపు క్యూఆర్ గుర్తులోను వివరములు ఉండును గనుక దానినికూడ కప్పవలెను. చివరి 4 అంకెలు మాత్రమే చూపు మాస్క్‌డ్ ఆధారును ఆధారు సంస్థ వెబ్‌సైటునుండి పొందవచ్చును. అది చాలునన్నచోట పూర్తి సంఖ్య ఈయనక్కరలేదు.

కప్పుటలోను మెలకువ కావలెను. పలుచని రంగు కలముతో గీసినచో, పటమునకు వెలుతురు పెంచి క్రింది అంకెలను చదువవచ్చును. దట్టమైన నల్లని పెట్టెతో పూర్తిగా మూయవలెను. 2023 మార్చిలో ఒక వింత బయటపడినది. గూగులు పిక్సెలు ఫోనులలోని దిద్దుబాటు సాధనముతో కత్తిరించిన పటములలో, తీసివేసితిమనుకొన్న భాగము కొంత ఫైలులోనే దాగియుండెను. నిపుణులు దానిని తిరిగి వెలికి తీసి చూపిరి. పిదప ఆ లోపము సవరింపబడినది. కావున అత్యంత రహస్యమైన వివరములున్న తెరను అసలు పటము తీయకుండుటయే మేలు. ఓటీపీ ఉన్న తెరను ఎవరు కోరినను, ఎట్టి పరిస్థితిలోను పంపరాదు.

పటము రసీదు కాదు

ఇంటిపన్ను చెల్లించితినని ఒకరు ఫోనులో పటము చూపుదురు. అంతమాత్రమున పన్ను జమ అయినట్లు భావింపరాదు. చెల్లింపు ఇంకను నడుమనే ఉన్నదని సూచించు తెరను చూచి పూర్తి అయినదని పొరపడుట కలదు. చెల్లింపు జరిగినట్లు అబద్ధపు తెరను చూపు నకిలీ యాప్‌లును కలవు. పంచాయతీ కార్యదర్శి ఖాతాలో సొమ్ము చేరినదో లేదో చూచి, రసీదు ఈయవలెను. సంతలో కూరలమ్ము అమ్మకును ఇదియే సలహా: కొనువాని ఫోను కాదు, నీ ఖాతాను చూచుకొనుము.

మోసము జరిగినచో

సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఫిర్యాదు వివరములను సంబంధించిన బ్యాంకులకు వెంటనే అందజేసి, సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయుటకు ఏర్పడిన విధానమిది. ముందు ఫోను చేయవలెను. పటములను చక్కజేసికొనుట తరువాతి పని. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయునపుడు పటములను జతపరుపవచ్చును.

ఉద్యోగముల పేర జరుగు మోసములు మన ప్రాంతమునకు కొత్త కావు. 2024 మే మాసమున విశాఖపట్టణము పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేసిరి. డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి యువకులను కాంబోడియాకు పంపగా, అచట వారిని నిర్బంధించి సైబరు మోసములు చేయించుచుండిరని వెల్లడియైనది. చిక్కుకొన్నవారిలో కొందరు ఆ మాసముననే స్వస్థలములకు తిరిగి చేరిరి. కావున మీ గ్రామమున ఎవరికైనను విదేశోద్యోగమని సందేశము వచ్చినచో, ఏజెంటు నంబరు, చెప్పిన జీతము, అడిగిన సొమ్ము, పంపిన ఖాతా వివరములు కనబడునట్లు మొదటి దినమునుండియే పటములు తీసి ఇంటివారివద్ద ఉంచవలెను. ఆ ఏజెంటు 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైనవాడో కాదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవలెను.

తుపాను వేళ

పటము కాలమును ఆపును, గాలిని ఆపదు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరములకు చేరువ కాగలదని హెచ్చరికలు వచ్చినవి. 4వ తేదీన అది సముద్రములోనే బలహీనపడి, ఉత్తరదిశగా మళ్లి ఒడిశావైపు సాగినది. ముందునాటి హెచ్చరిక పటమును మరునాడు చూచినవాడు తప్పు సమాచారమును చూచినట్లే. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను గాలులను ఈ జిల్లావారు మరువలేరు. అట్టి వేళ పాత పటము చూచి ధైర్యపడి వేటకు వెళ్లిన పడవ ఏమగునో చెప్పనక్కరలేదు. తుపాను సమీపించుకొలది వాతావరణ శాఖ మూడేసి గంటలకు, తీరము చేరువైనపుడు గంట గంటకు సమాచారమిచ్చుచుండును. కనుక హెచ్చరిక పటమును పంపువారు విడుదల చేసిన తేదీని, వేళను కత్తిరింపరాదు. అందుకొన్నవారు ఆ రెండును లేని పటమును మరియొకరికి పంపరాదు.

న్యాయస్థానము ఏమి కోరును?

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము, 2023 లోని 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యముగా ప్రవేశపెట్టు విధానమును తెలుపుచున్నది. అట్టి రికార్డుతోపాటు నిర్ణీత రూపమున ధ్రువపత్రము జతపరుపవలెను. కావున స్క్రీన్‌షాటు ఉన్నది గదా యని అసలు సందేశమును తొలగింపరాదు, ఫోనును అమ్మివేయరాదు. పటము దారి చూపును. మూలము ఫోనులోనే ఉన్నది.

పంచాయతీ చేయగల పని

రానున్న గ్రామసభలో అరగంట ఈ విషయమునకు కేటాయింపుడు. ఫోను బాగుగా తెలిసిన యువకుని, యువతిని పిలిచి, వృద్ధులచేతను, మహిళా సంఘముల సభ్యులచేతను స్వయముగా మీటలు నొక్కించి ఒక్కొక్క పటము తీయింపుడు. పంచాయతీ గోడపై 1930 నంబరును పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. పంచాయతీ వాట్సాపు బృందములో తేదీలేని హెచ్చరికను, ఆధారు సంఖ్య కనబడు జాబితాను పెట్టరాదని తీర్మానింపుడు. దీనికి నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలును.

ఆ వృద్ధురాలి మనుమడు ఇప్పుడు మరల పటములు తీయుచున్నాడు. తేదీని కత్తిరించుట లేదు. ప్రతి గ్రామమునను ఆ పాఠము నష్టము జరుగకముందే నేర్పబడవలెనని మా కోరిక.