గోగుపువ్వుల జెల్లీ: ఉద్దానం పెరళ్లకు తగిన గృహ పరిశ్రమ

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతాలలో గోగు కొత్త మొక్క కాదు. ఆకు కూరకు, కాడ నారకు ఉపయోగపడుతున్నాయి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగునారపై దీర్ఘకాలంగా పరిశోధనలు సాగిస్తున్నది. అయితే ఎర్రగోగు పువ్వు అడుగున ఉండే కండగల రక్షక పత్రావళి మాత్రం చాలాచోట్ల మొక్కపైనే ఎండిపోతున్నది. నార కొరకు పైరును పూతదశలోనే కోస్తారు కనుక ఆ పొలాల నుండి ఇది లభించదు. పెరటిలోను, గట్లపైన, విత్తనానికి విడిచిన మొక్కలనుండియే సేకరించవలసి ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. అటువంటి తోటలు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. గోగు ఒక్క వానకాలంలోనే ఫలసాయమిస్తుంది. పగటి నిడివి తగ్గినప్పుడు పూస్తుంది. పూరేకులు ఒక్కరోజులో వాడిపోయిన తరువాత రక్షక పత్రాలు ఉబ్బి, సుమారు మూడు వారాలకు కోతకు వస్తాయి. చేతితో విరిస్తే పుటుక్కున తెగే లేతదశయే అనువైనది.

జెల్లీ గట్టిపడుటకు పెక్టిన్, ఆమ్లం, చక్కెర మూడూ తగుపాళ్లలో ఉండాలి. సాధారణంగా పూలు రంగు, వాసన ఇస్తాయే గాని పెక్టిన్ ఇవ్వవు. గోగు రక్షక పత్రాలలో పెక్టిన్, పులుపు రెండూ ఉండుట దీని ప్రత్యేకత. దీని ఎరుపునకు కారణమైన ఆంథోసయనిన్లు ఆమ్లంలో నిలుస్తాయి, అతిగా మరిగిస్తే నశిస్తాయి.

తయారీ విధానం

కాయలను తీసివేసి, కడిగిన తాజా పత్రాలు 1 కిలోకు 1.5 లీటర్ల నీరు పోసి, స్టీలు పాత్రలో 20 నుండి 25 నిమిషాలు ఉడికించాలి. ఇనుప, అల్యూమినియం పాత్రలు పనికిరావు. పలుచని గుడ్డలో వడకట్టాలి. పిండితే జెల్లీ మసకబారుతుంది. ఒక చెంచా రసం చల్లార్చి రెండు చెంచాల స్పిరిట్ కలిపితే ఒకే ముద్దగా గడ్డకట్టినచో పెక్టిన్ అధికం, రెండుమూడు ముక్కలుగా విడినచో మధ్యస్థం, సన్నని తునకలైనచో తక్కువ. ఈ నమూనాను రుచి చూడరాదు, పారబోయాలి. కిలో రసానికి చక్కెర వరుసగా 1 కిలో, 750 గ్రాములు, 500 గ్రాములు కలపాలి. పెక్టిన్ తక్కువైతే జామరసం చేర్చవచ్చు. ఉష్ణోగ్రత 105 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, గరిటె నుండి రేకుగా జారినప్పుడు దించి, వేడిగా ఉండగానే మరిగించి ఆరబెట్టిన సీసాలలో నింపాలి. కరిగే ఘనపదార్థం 65 శాతానికి తగ్గరాదు. తగ్గితే బూజు పడుతుంది.

జాగ్రత్తలు

అడవిపూలన్నీ తినదగినవి కావు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషపూరితాలు. గన్నేరు విషం ఉడికించినా పోదు. మొక్కను నిర్ధారించనిదే పువ్వు కోయరాదు. పురుగుమందు చల్లిన పొలాలనుండి, రహదారి పక్కలనుండి సేకరించరాదు. మూత్రపిండ వ్యాధి పీడిస్తున్న ఉద్దానంలో దీనిని ఔషధమని ప్రచారం చేయుట తగదు. అది చక్కెర అధికంగా గల పదార్థం మాత్రమే; మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా పొందాలి.

మందస, మెళియాపుట్టి కొండ ప్రాంతాలలో సవరలు ఏరే ఇప్పపువ్వుకు ఇదే విధానం నేరుగా వర్తించదు. ఇప్పలో చక్కెర సమృద్ధి, పులుపు, పెక్టిన్ స్వల్పం. ఇప్ప వేసవి ఆరంభంలో రాలుతుంది, గోగు శీతాకాలంలో అందుతుంది. ఎండబెట్టిన గోగు పత్రాల రసంతో తాజా ఇప్పరసాన్ని కలిపితే ఒకదాని లోటును మరొకటి కొంతవరకు తీర్చగలదు. ఏ పాళ్లలో కలిపితే జెల్లీ నిలుస్తుందో, ఎన్ని నెలలు నిల్వ ఉంటుందో విద్యార్థులు ప్రయోగపూర్వకంగా తేల్చవలసిన అంశాలు. విస్తరణ శాస్త్రవేత్తలు మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చేటప్పుడు చక్కెర పాకం కన్నా ముందు మొక్క గుర్తింపును, పెక్టిన్ పరీక్షను నేర్పడం మేలు.