వార్తల్లో పదం: రెంటల్ ఈల్డ్

ఇంటి మీద పెట్టిన సొమ్ముకు ఏడాది అద్దె ఎంత శాతమో చెప్పే లెక్క ఇది. రిజిస్ట్రేషన్‌తో కలిపి 80 లక్షలు పడిన ఫ్లాటుకు నెలకు 20 వేలు అద్దె వస్తే ఏడాదికి 2.4 లక్షలు, అంటే 3 శాతం. కొత్తగా కొనేవారు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆస్తి పన్ను, యజమాని నెత్తిన పడే మెయింటెనెన్స్, రంగులు, మరమ్మతులు, అద్దెదారు మారినప్పుడు ఒక నెల ఖాళీ... వీటికి 80 వేలు పోతే మిగిలేది 2 శాతమే. గృహరుణం వడ్డీ 8 శాతం ఉంటే, ‘అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుంది’ అన్న మాట అస్సలు నమ్మకండి. ఆదాయపు పన్నులో కొంత ఊరట ఉంది: వచ్చిన అద్దెలో కట్టిన మున్సిపల్ పన్ను పోగా మిగిలినదానిపై 30 శాతం మినహాయింపు. కొనేముందు బ్రోకరు చెప్పే అద్దెను కాదు, అదే అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నవారు కడుతున్నదెంతో అడిగి లెక్కేసుకోండి.