క్లిప్‌లెస్ పెడల్

క్లిప్‌లెస్ పెడల్ అనగా సైకిలు తొక్కేవారి బూటును తాత్కాలికంగా పట్టి ఉంచే ఒక రకమైన సైకిలు పెడల్. బూటు అడుగున మరలతో బిగించిన క్లీటు అనే చిన్న లోహపు లేదా ప్లాస్టిక్ బిళ్ళ, పెడల్‌లోని స్ప్రింగు పట్టులో ఇమిడిపోతుంది. మడమను బయటి వైపునకు తిప్పినపుడు ఆ పట్టు వదులుతుంది. పోటీ సైకిళ్ళలోను, దూరప్రయాణాలకు, కొండదారులకు వాడే సైకిళ్ళలోను ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. కొత్తగా వాడేవారు చాలావరకు వేగంగా పోతున్నపుడు కాక, ఆగే సమయంలో పడిపోతారు. కాబట్టి పాదాన్ని బిగించడం కంటే విడిపించడం నేర్చుకోవడమే ముఖ్యం.

పేరు

పూర్వం పోటీ సైకిళ్ళకు టో క్లిప్పులు ఉండేవి. ఇవి పాదం ముందుభాగాన్ని పట్టి ఉంచే లోహపు చట్రాలు. వీటికి తోలు పట్టీ కూడా ఉండేది. పట్టీని గట్టిగా బిగిస్తే, పాదం తీయడానికి వంగి చేతితో దానిని వదులు చేయవలసి వచ్చేది. ఈ క్లిప్పు అవసరం లేని పెడల్ కనుక దీనికి క్లిప్‌లెస్ అనే పేరు వచ్చింది.

చరిత్ర

అమెరికాకు చెందిన చార్లెస్ హాన్సన్ 1895లోనే ఇటువంటి పెడల్‌ను రూపొందించాడు. 1971లో ఇటలీకి చెందిన చినో చినెల్లి ఎం71 అనే పెడల్‌ను తయారుచేశాడు. దీని నుండి బూటును విడిపించడానికి చేతితో ఒక మీటను కదపాలి. అందువలన ఇది ఎక్కువ ప్రచారం పొందలేదు. మంచుపై జారే స్కీ పలకలకు బూట్లను బిగించే పరికరాలను తయారుచేసే ఫ్రెంచి సంస్థ లుక్, అదే సూత్రంతో 1984లో కొత్త పెడల్‌ను విడుదల చేసింది. 1985లో బెర్నార్డ్ ఇనో వీటితో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన తరువాత పోటీదారులు క్రమంగా టో క్లిప్పులను వదిలివేశారు. జపాను సంస్థ షిమానో 1990లో ఎస్‌పీడీ పెడళ్ళను ప్రవేశపెట్టింది.

పనిచేసే విధానం

క్లీటు ముందు అంచును పెడల్ ముందుభాగంలో ఉంచి క్రిందికి నొక్కితే వెనుక ఉన్న స్ప్రింగు పట్టు తెరుచుకొని, టక్కుమనే శబ్దంతో మూసుకుంటుంది. తొక్కేటప్పుడు కాలి బలం ముఖ్యంగా క్రిందికి, కొంత వెనుకకు, పైకి ప్రయోగింపబడుతుంది. ఆ దిశలలో పట్టు సులభంగా వదలదు. తొక్కుటకు అవసరం లేని కదలిక, అనగా మడమను ప్రక్కకు త్రిప్పడమే విడుదలకు సంకేతం.

పట్టు వదలకుండానే పాదం కొన్ని డిగ్రీలు అటూ ఇటూ తిరిగే వీలును ఫ్లోట్ అంటారు. ఇది మోకాలిపై ఒత్తిడిని తగ్గించడానికి ఉద్దేశించినది. లుక్ కియో క్లీట్లలో నలుపు రంగుకు 0, బూడిద రంగుకు 4.5, ఎరుపు రంగుకు 9 డిగ్రీల ఫ్లోట్ ఉంటుంది.

రకాలు

మూడు మరల క్లీటు పెద్దది, బూటు అడుగు నుండి పొడుచుకొని వస్తుంది. రోడ్డు పోటీలకు వాడే దీనితో నడవడం కష్టం. రెండు మరల క్లీటు చిన్నది, అడుగులోని గాడిలో ఒదిగిపోతుంది కనుక నడవడానికి అనుకూలం. ఎస్‌పీడీ రకంలోని ఎస్‌హెచ్51 క్లీటు మడమను ప్రక్కకు తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 క్లీటు మరికొన్ని దిశలలోను వదులుతుంది. అందువలన కొత్తవారికి రెండవది అనుకూలం.

అలవాటు చేసుకొనే పద్ధతి

సాధారణ పెడల్‌పై సైకిలు ఆగబోతున్నదని తోచగానే పాదం ఆలోచన లేకుండా పైకి లేచి నేలకు ఆనుతుంది. క్లిప్‌లెస్ పెడల్‌పై ఆ పాత అలవాటు పనిచేయదు. కదులుతున్న సైకిలును హ్యాండిల్‌తో చిన్న చిన్న సవరణలు చేస్తూ నిలబెట్టవచ్చు. ఆగిన సైకిలుకు ఆ వీలు ఉండదు. మడమ తిప్పాలని గుర్తుకు వచ్చేలోపే సైకిలు ఒరిగిపోతుంది. ఈ కారణంగా సాధన దశలవారీగా జరగాలి.

* పెడల్‌పై ఉన్న చిన్న మరను అలెన్ కీతో తిప్పి స్ప్రింగు బిగువును కనిష్ఠంగా ఉంచాలి.
* గోడను పట్టుకొని, సైకిలుపై కూర్చొని, ఒక్కొక్క పాదాన్ని పలుమార్లు బిగించి విడిపించాలి.
* వాహనాలు లేని మైదానంలో ముందుగా ఒక పాదాన్ని మాత్రమే బిగించి తొక్కాలి. తరువాత రెండు పాదాలతో సాధన చేయాలి.
* ఆగవలసిన చోటుకు కొన్ని మీటర్ల ముందే, సైకిలు ఇంకా కదులుతుండగా, ఒక పాదాన్ని విడిపించాలి.
* సైకిలును విడిపించిన పాదం వైపే ఒరిగించాలి. ఒక పాదం విడిపించి రెండవ వైపు ఒరిగితే పడిపోక తప్పదు.

భారతదేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. కనుక ఎడమ పాదాన్ని ముందుగా విడిపించడం మేలు. దీనివలన ఒరుగు రోడ్డు అంచు వైపు ఉంటుంది, వెనుక నుండి వచ్చే వాహనాల వైపు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం త్వరగా పడిపోతుంది. ఆగాలని అనిపిస్తే అక్కడ మరింత ముందుగానే పాదం తీయాలి.

జాగ్రత్తలు

క్లీటు మరలను తరచు సరిచూడాలి. రెండు మరల క్లీటులో ఒక మర ఊడిపోతే, మడమ తిప్పినపుడు బూటు మాత్రమే తిరిగి క్లీటు పెడల్‌లోనే ఉండిపోవచ్చు. అప్పుడు ఎంత సాధన ఉన్నా పాదం విడిపడదు. అరిగిన క్లీటు అనుకోకుండా వదలవచ్చు. బురద పేరుకుంటే బిగించడమూ, విడిపించడమూ కష్టమవుతాయి.

ఉపయోగాలు, పరిమితులు

వర్షంలోను, గతుకులపైన, వేగంగా తొక్కేటప్పుడు పాదం జారకపోవడం వీటి ముఖ్య ప్రయోజనం. అయితే ముందుకు నడిపే బలంలో అధికభాగం క్రిందికి తొక్కినపుడే వస్తుంది, కనుక వీటి వలన వేగం ఎన్నో రెట్లు పెరుగుతుందని భావించరాదు. అడుగడుగునా ఆగవలసిన వీధులలో, కొద్ది దూరపు ప్రయాణాలకు సాధారణ పెడళ్ళే సౌకర్యం.

ఇవి కూడా చూడండి

* సైకిలు
* టూర్ డి ఫ్రాన్స్