ట్రాక్టరుకు బీమా లేకపోతే ముప్పు పొలానికే
మినీ ట్రాక్టరు కొనే రైతులు తెలుసుకోవలసిన సంగతులు

గుండుగొలను (భీమడోలు మండలం): కొబ్బరిలో కోకో వేసిన తోటల్లోనూ, నిమ్మ తోటల్లోనూ పెద్ద ట్రాక్టరు తిప్పడం కష్టం. కొమ్మలు తగులుతాయి, మళ్లు తొక్కుడు పడతాయి. అందుకనే 15 నుంచి 25 హార్స్‌పవర్ వుండే మినీ ట్రాక్టరుపై తోటల రైతులకు మోజు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక 5 లక్షల ధర వున్న బండిపై ఈ లెక్కన 35 వేల రూపాయలు కలిసొచ్చినట్టే.

బేరం కుదిరి, బయానా యిచ్చి, బ్యాంకు కాగితాలు పూర్తయ్యాక షోరూములో ఇన్సూరెన్సు మాట వస్తుంది. రైతు తటపటాయించేది అక్కడే. పొలంలో తిరిగే బండికి ఇన్సూరెన్సు ఎందుకు? తీసుకున్నా థర్డ్ పార్టీ చాలదా? ఫుల్ ఇన్సూరెన్సు పేరుతో అంత సొమ్ము దండగ కాదా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. ఒక్కొక్కదానికి జవాబు వేరు.

రోడ్డెక్కితే తప్పదు

1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో తిరిగే ప్రతి మోటారు వాహనానికి థర్డ్ పార్టీ బీమా వుండి తీరాలి. వ్యవసాయ ట్రాక్టరు అని మినహాయింపు లేదు. బీమా లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి అయితే జరిమానా 4,000.

మా బండి పొలం దాటదు అనే మాట గుండుగొలను ప్రాంతంలో చెల్లదు. ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య జాతీయ రహదారి ఇక్కడినుంచే పోతుంది. దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లే నాలుగు వరుసల దారి చీలేదీ ఇక్కడే. ఇంటినుంచి పొలానికి, పొలంనుంచి మెకానిక్ షెడ్డుకు వెళ్లాలంటే రోడ్డు తగలక తప్పదు. లారీలు దూసుకుపోయే దారిలో వెనుక లైటు లేని ట్రక్కుతో సాయంత్రం పూట ఇంటికి రావడం ఎంత ప్రమాదమో రైతులకు చెప్పనక్కరలేదు.

థర్డ్ పార్టీ ప్రీమియంను నిర్ణయించేది ప్రభుత్వం. ఏ కంపెనీలో కట్టినా ఒకటే. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్లలో 6 హార్స్‌పవర్ లోపు వ్యవసాయ ట్రాక్టరుకు ఏడాదికి 910 రూపాయలు, అంతకు మించినవాటికి 7,267 రూపాయలు, పన్ను అదనం. మినీ ట్రాక్టరు చూపులకు చిన్నదే అయినా 6 హార్స్‌పవర్ దాటినదే గనుక రెండో లెక్కలోకి వస్తుంది. ట్రక్కుకు వేరే కట్టాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజున అడిగి తెలుసుకోవాలి.

శిస్తు బాకీలా వసూలు

జరిమానా చిన్న విషయం. అసలు భయం వేరే వుంది. ట్రాక్టరు తగిలి మనిషి చనిపోతే, తప్పు ఎవరిదని రుజువు చేయనవసరం లేకుండానే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు యివ్వాలని 164వ సెక్షన్ చెబుతున్నది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలులో వుంది. నిర్లక్ష్యం రుజువు చేసి ట్రిబ్యునల్‌లో దావా వేస్తే పోయిన మనిషి వయసు, సంపాదన లెక్కవేసి అంతకు ఎన్నో రెట్లు తీర్పు రావచ్చు.

బీమా వుంటే ఆ సొమ్ము కంపెనీ కడుతుంది. మరణానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో పరిమితి లేదు. బీమా లేకపోతే కట్టవలసింది బండి యజమాని. కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది. భూమి శిస్తు బాకీ వసూలు చేసినట్టే కలెక్టరు దాన్ని వసూలు చేస్తారు. అంటే బండి చేసిన అప్పు పొలం మీదికి వస్తుందన్నమాట. ప్రమాదం చేసిన బండికి బీమా లేకపోతే, బాధితుల పరిహారానికి తగిన పూచీ చూపందే దానిని విడుదల చేయరాదని, అవసరమైతే అమ్మి ఆ సొమ్ము ట్రిబ్యునల్‌లో జమ చేయాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి థర్డ్ పార్టీ తీసుకోవాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు. రెండెకరాల రైతుకైనా, ఇరవై ఎకరాల రైతుకైనా అది కంచె వంటిది.

ఫుల్ ఇన్సూరెన్సు ఎవరికి?

థర్డ్ పార్టీలో మన బండికి పైసా రాదు. బోల్తా పడినా, కాలిపోయినా, దొంగలెత్తుకుపోయినా, వరదలో మునిగినా నష్టం రావాలంటే ఫుల్ ఇన్సూరెన్సు వుండాలి. బ్యాంకు అప్పుతో కొంటే అప్పు తీరేదాకా బ్యాంకే దీనిని అడుగుతుంది. బండి మొత్తం పోతే వచ్చే సొమ్ము ముందు బ్యాంకుకే జమ అవుతుంది.

రొక్కంతో కొన్న రైతు మాత్రం ఆలోచించుకోవచ్చు. తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ బండి రేపు పోతే నగలు తాకట్టు పెట్టకుండా మరొకటి కొనగలనా? కొనలేననుకుంటే ఫుల్ ఇన్సూరెన్సు తీసుకోవడమే మేలు. కొల్లేరు వైపు పల్లపు గ్రామాలవారికి ఇది మరీ అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల రాకపోకలు స్తంభించిన సంగతి మరువరానిది.

అయితే ఎంత వస్తుందో ముందే తెలిసి వుండాలి. బండి విలువను ఏటా తగ్గించి లెక్కవేస్తారు. 5 లక్షల బండికి మొదటి ఆరు నెలల్లో 5 శాతం తీసి 4 లక్షల 75 వేలు, మూడేళ్లు దాటి నాలుగో ఏడులో 40 శాతం తీసి 3 లక్షలు. అయిదో ఏడులో సగమే. మరమ్మతుల్లో టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగం ధరే యిస్తారు. ఇటువంటి బండ్ల పాలసీలో టైర్లు, మడ్‌గార్డులు, బానెట్టు, లైట్లు, రంగు దెబ్బతింటే అసలు రాకపోవచ్చు. అవి కూడా కావాలంటే ‘ఐ.ఎమ్.టి. 23’ అనే క్లాజు అడిగి, అదనపు ప్రీమియం కట్టాలి. ట్రాక్టరు బోల్తా పడితే మొదట నలిగేవి అవే.

ఫుల్ ఇన్సూరెన్సులో బండి నష్టానికి సంబంధించిన ప్రీమియం కంపెనీని బట్టి మారుతుంది. షోరూమువారు చెప్పినచోటే తీసుకోవాలన్న నియమం లేదు. ఒక ఏడాది క్లెయిము లేకపోతే ఈ భాగంలో 20 శాతం, వరుసగా అయిదేళ్లు లేకపోతే 50 శాతం తగ్గింపు వస్తుంది. గడువు దాటి 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే ఈ తగ్గింపు పోతుంది. చిన్న డెంటుకు క్లెయిము పెట్టి పెద్ద తగ్గింపు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

కూలీలను ఎక్కిస్తే...

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి వెళ్తున్న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరపకోత కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని, తీగ తెగిపడి తొమ్మిదిమందికి తగ్గకుండా ప్రాణాలు కోల్పోయారు.

ట్రాక్టరు మీద డ్రైవరుకు తప్ప మరొకరికి సీటు లేదు. ఇంజనుపైన, మడ్‌గార్డుపైన, ట్రక్కులో ఎక్కినవారికి మామూలు పాలసీ రక్షణ యివ్వదు. వ్యవసాయానికని బీమా చేసిన ట్రాక్టరు ట్రక్కులో ఇటుకబట్టీకి మట్టి తోలుతుండగా కూలీ గాయపడిన కేసులో, పాలసీ ప్రకారం కంపెనీకి బాధ్యత లేదని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కూలీ పేదరికం చూసి, కంపెనీ ముందు కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ఆదేశించింది. 2004లోనూ, ట్రాక్టరు ట్రక్కుపై వెళ్తూ మరణించిన కూరగాయల వ్యాపారి కేసులో, అది వ్యవసాయపు పని కాదని కంపెనీని తప్పించింది. రెండు తీర్పులూ చెప్పేది ఒకటే: పాలసీలో రాసిన పని వేరు, బండితో చేసే పని వేరు అయితే కట్టిన ప్రీమియం అక్కరకు రాదు.

కిరాయికి దున్నేవారు, చేపల చెరువులకు మేత తోలేవారు, ఇసుక, మట్టి తోలేవారు ఆ పని ముందే చెప్పి పాలసీలో రాయించుకోవాలి. జీతపు డ్రైవరును, పనివారిని కూడా చేర్చమని అడగాలి. అలా రాయించుకున్నా కూలీలను ట్రక్కులో ఎక్కించడం మానుకోవడమే అసలైన రక్షణ. ఆటో కిరాయి మిగిలిందనుకుంటే ప్రాణం పోవచ్చు.

సంతకానికి ముందు

సి బుక్కు తండ్రి పేర, తోలేది కొడుకు. చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. యజమాని ప్రమాదంలో చనిపోతే 15 లక్షలు వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీతోపాటు వుంటుంది. అది యజమానికే, అదీ లైసెన్సు వుంటేనే వర్తిస్తుంది. కొడుకుకు రాదు. తోలేవాని పేరనే రిజిస్ట్రేషను చేయించడమో, కొడుకుకు వేరే ప్రమాద బీమా తీసుకోవడమో ముందే తేల్చుకోవాలి.

లైట్ మోటారు వెహికల్ లైసెన్సు వున్నవారు ట్రాక్టరు తోలవచ్చు. ట్రక్కు తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సే లేని కుర్రాడికి తాళం యిస్తే మాత్రం క్లెయిము వదులుకున్నట్టే. ట్రక్కు, రోటవేటరు పాలసీలో విడిగా రాశారో లేదో, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిపోయాయో లేదో అక్కడే చూసుకోవాలి.

ప్రమాదం జరిగితే పోలీసులకు, కంపెనీకి వెంటనే తెలపాలి. సర్వేయరు చూసేదాకా బండి విప్పరాదు. వరదలో మునిగిన ఇంజనును ఆత్రపడి స్టార్టు చేయరాదు. నీరు చేరాక స్టార్టు చేయడంవల్ల వచ్చిన నష్టం వరద నష్టం కిందికి రాదని తిరస్కరించే వీలుంది. బండి క్లెయిము అన్యాయంగా తోసిపుచ్చితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తర్వాత హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా రాయవచ్చు. 50 లక్షలవరకు ఆయన తీర్పు చెప్పగలరు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తట్టవచ్చు.

మొత్తంమీద థర్డ్ పార్టీ ఒక్క రోజు కూడా తప్పనివ్వరాదు. బండి కొత్తగా వున్న మొదటి నాలుగైదేళ్లు, అప్పు వున్నంతకాలం ఫుల్ ఇన్సూరెన్సు వుంచుకోవాలి. ఆ తర్వాత బండి విలువను, కట్టే ప్రీమియాన్ని పక్కపక్కన పెట్టి చూసుకుని తగ్గించుకోవచ్చు. రెన్యువల్ తేదీని కొత్త క్యాలెండరు తగిలించిన రోజునే గుర్తు పెట్టుకుంటే, సార్వా కోతల హడావుడిలో మరిచిపోయే ప్రమాదం వుండదు.